ఏడు నీళ్ళ మాంసం

నాలుగు దాటింది. వంటగదిలో గోడకు వీపు ఆనించి, కాళ్ళు బారజాపుకుని నేల మీద కూచున్నాను. అరవై దాటిన మనిషిని, ఇలా చతికిలబడితే లేచేటప్పుడు ఎవరో ఒకరు చెయ్యందించాలి, ఆ సంగతి తెలిసీ కూచున్నాను. ఎదురుగా గిన్నె. గిన్నెకు అవతల, గ్యాస్ బండ పక్కన, నాలుగు మడతలు వేసిన పాత తువ్వాలు మీద బొంత. బొంత అంటే మా పిల్లి. తెలుపూ నలుపూ ఇటుకరంగూ ముక్కలు ముక్కలుగా అతికి కుట్టినట్టుంటుంది, అందుకా పేరు. అది గిన్నె వైపు చూడడం లేదు, నా వైపూ చూడడం లేదు. ఐదు లోపల తనంతట తాను తినాలండీ, అంది డాక్టరమ్మ పొద్దున ఫోనులో. పిల్లికి పస్తులు పడవట. రెండు రోజులు దాటితే ఒంట్లో కొవ్వంతా కరిగి కాలేయం మీద పడుతుందట. నిన్న ముట్టలేదు, ఈ రోజూ ముట్టలేదు. ఐదుకి తినకపోతే తీసుకొచ్చెయ్యండి, గొట్టం వేస్తాం, గొట్టానికి మత్తివ్వాలి, ఆ గుండెకి మత్తంటే, అని అక్కడ ఆగిపోయింది. డాక్టర్లు మాట మధ్యలో ఎందుకు ఆగుతారో నాకు తెలుసు. ముప్పైయొక్క ఏళ్ళు ఆసుపత్రి లాండ్రీలో పనిచేశాను, వాళ్ళు ఆగిన చోట ఏముందో మర్నాడు నా దగ్గరికొచ్చే దుప్పట్లు చెప్పేవి. దాని ఎదురుగా నిలబడి బతిమాలొద్దు, మూతికి రాయొద్దు, తినేదాకా కళ్ళలోకి చూడొద్దు అని కూడా చెప్పింది. అందుకని నేను గోడ మీది గడియారాన్ని చూస్తున్నాను. ముల్లు కదులుతోంది, పిల్లి కదలడం లేదు.

నా చేతులు ఊరుకోవడం లేదు. ఒళ్ళో పెట్టుకుంటే ఒకదాన్నొకటి రుద్దుకుంటున్నాయి. నా చేతులు ఎప్పుడూ ఇంతే, ఏదో ఒకటి కడగాలి వాటికి. లాండ్రీలో నా పేరు ఏడునీళ్ళక్క. అసలు పేరు పెట్టి పిలిస్తే ఒక్కోసారి నేనే పలికేదాన్ని కాదు. ఆపరేషన్ గదుల నుంచి పచ్చదుప్పట్లు మూటలు మూటలుగా దిగేవి, మూట విప్పగానే గదంతా ఇనుము వాసన. కొత్తగా చేరిన పిల్లలు ముక్కు మూసుకుని వేడినీళ్ళ కుళాయి మీద చెయ్యి వేసేవాళ్ళు. చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని. వేడినీళ్ళు తగిలాయా, రక్తం బట్టలో పాతుకుపోతుందే పిచ్చిమొహమా, చన్నీళ్ళు పొయ్యి, ఓపిక పట్టు, దానంతట అదే వదిలి వస్తుంది అనేదాన్ని. మొదటి నీళ్ళు ఎర్రగా, రెండో నీళ్ళు కాస్త పలచగా, నాలుగో నీళ్ళు గులాబీ రంగులో, ఏడో నీళ్ళు తాగినా తెలియనంత తేటగా. మిగతావాళ్ళు నాలుగుతో చేతులు దులుపుకునేవాళ్ళు. నేను ఏడు దాకా వదిలేదాన్ని కాదు. ఒకసారి తనిఖీకి వచ్చినాయన దుప్పటిని వేళ్ళ మధ్య రుద్ది చూసి, ఇది కొత్తదా అని అడిగాడు. ఆరేళ్ళదండీ అన్నాను. ఆ ఒక్క మాట మీద నేను పదేళ్ళు తల ఎత్తుకు తిరిగాను.

బొంత దొరికింది కూడా ఆ మూటల్లోనే. ఎనిమిదేళ్ళ కిందట, ఒక మధ్యాహ్నం, మిషన్లో పడేయబోతూ మూట ఎత్తితే బరువు తేడా కొట్టింది. దుప్పట్ల బరువు నా చేతికి తెలుసు, ఇది దుప్పటి బరువు కాదు, చచ్చు బరువు కాదు, లోపల ఏదో సర్దుకుంటున్న బరువు. విప్పి చూస్తే నా అరచేతికి సరిపోయే పిల్ల, కళ్ళు ఇంకా తెరవలేదు. దాని తల్లి ఏ కిటికీలోంచి తెచ్చి పెట్టిందో. మూట కట్టిన వాళ్ళని ఆ రోజు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను, తర్వాత బాత్రూంలోకి వెళ్ళి బకెట్ బోర్లించుకుని కూచున్నాను. మరొక్క నిమిషమైతే మిషన్ తలుపు మూసేదాన్ని. ఎన్ని వేల మూటలు ఎత్తానో ఆ చేతులతో, ఆ ఒక్క మూట దగ్గర అవి ఎందుకు ఆగాయో ఇప్పటికీ తెలియదు. ఆ రోజు నుంచి నా చేతుల మీద నాకు గొప్ప నమ్మకం కలిగింది. తప్పంతా అక్కడే మొదలైందేమో.

ఉద్యోగం అయిపోయాక నాకు ఉతకడానికి ఏమీ మిగల్లేదు. ఇంట్లో ఇద్దరం, రోజుకి నాలుగు బట్టలు, అవి ఏ మూలకి. మా ఆయన లారీల కాటాలో పని చేస్తారు, లారీ వచ్చి ఇనుప బల్ల మీద నిలబడితే ఖాళీ బండి బరువూ సరుకు బరువూ చూసి చీటీ ఇచ్చే పని. పొద్దున వెళ్తే సాయంత్రం వస్తారు. నేనూ బొంతా. అప్పటిదాకా అది కొట్లో అమ్మే పిల్లిమేత, పొట్లంలో గింజలు తినేది. ఇదేం తిండే, చెక్కపొట్టులా ఉంది అనిపించింది. పిల్లి పులికి మేనత్తవరస, దానికి పచ్చిమాంసమే కదా తిండి, అని మా చెల్లెలు కూడా ఎక్కడో విని చెప్పింది. మాట నిజమే, ఎవరూ అబద్ధం చెప్పలేదు. నేను దాన్ని నా చేతిలోకి తీసుకున్నాను, అదీ జరిగింది. కోడి రొమ్ముమాంసం, తోలు లేకుండా, ఎముక లేకుండా, కొవ్వు లేకుండా. కొట్టు దగ్గర నిలబడి, ఆ ఎర్రముక్క తీసెయ్యి, ఈ కొవ్వు ముక్క తీసెయ్యి, గుండెకాయ నాకొద్దు, కాలేయం అసలే వద్దు అని దగ్గరుండి తీయించేదాన్ని. ఇంటికి తెచ్చి సన్నగా కొట్టి, పెద్ద గిన్నెలో చన్నీళ్ళు పోసి, ముంచి, కలిపి, వంచి, మళ్ళీ పోసి. ఏడు సార్లు. ఏడో నీళ్ళలో మాంసం తెల్లగా, వాసనే లేకుండా, నా పాత దుప్పట్లలాగా ఉండేది. చూసి మురిసిపోయేదాన్ని. పిల్లికి కూడా బిచ్చం పెట్టదని కొందరిని అంటారే, నేను పిల్లికి ఆపరేషన్ గది శుభ్రంతో భోజనం పెడుతున్నానని చెల్లెలికి ఫోను చేసి మరీ చెప్పాను. కొట్టతను ఒక్కసారి నోరు తెరిచాడు, గుండెకాయ పారేస్తున్నావేంటక్కా, పిల్లికి అదే కదా బంగారం, అని. నువ్వు కొట్టేది కొట్టు నాయనా, నా పిల్లికేం కావాలో నాకు తెలుసు, అన్నాను. ఏడాదిన్నర.

మూడు రోజుల కిందట, ఆయాసపడుతోందని తీసుకెళ్తే, డాక్టరమ్మ చీకటి గదిలో దాని బొచ్చు కాస్త గొరిగి, ఏదో తడి మందు రాసి, తెర మీద దాని గుండె చూపించింది. అంత చిన్న గుండె, నా బొటనవేలి తలంత, కొట్టుకుంటోంది, లెక్కపెట్టబోతే లెక్కకి అందకుండా కొట్టుకుంటోంది. నా జన్మలో గుండె కొట్టుకోవడం చూడలేదు నేను. ఆసుపత్రిలో అన్నేళ్ళున్నానుగానీ గుండె తాలూకు మరకే నా దాకా వచ్చేది, గుండె రాలేదు. దేవుడా, ఇది ఎనిమిదేళ్ళుగా నా పక్కన నిద్రపోతూ లోపల ఇంత పని చేస్తోందా అనుకున్నాను. నోరు తెరుచుకుని చూస్తుంటే డాక్టరమ్మ పెన్ను మొనతో చూపించింది, ఈ గోడ చూడండి, బాగా పల్చబడింది, సాగిపోయింది, పిండలేకపోతోంది. ఆ ముక్క ఆమె చెప్పక్కర్లేదు. గుడ్డ చిరిగే ముందు ఎలా పల్చబడుతుందో, వెలుతురుకి పట్టుకుంటే నేత ఎక్కడెక్కడ వదులైపోతుందో నాకు తెలిసినట్టు ఆ డాక్టరుకి తెలియదు. నేను ఆ గోడను చూశాను, గుర్తుపట్టాను. ఎక్కువ ఉతికిన గుడ్డ.

ఏం పెడుతున్నారు అని అడిగింది. గర్వంగానే చెప్పాను, పచ్చిమాంసం, ఒట్టి మాంసం, పిసరు ఎముక ఉండదు. ఆమె రాసుకుంటూ, కడుగుతారా అంది. ఆ అడగడంలో ఏదో ఉంది. పక్కన కుర్చీలో ఉన్న మా ఆయన నా వైపు చూడకుండా, నేనే కడుగుతానండీ, ఏడు సార్లు, అన్నారు. పెళ్ళయిన ముప్పైఆరేళ్ళలో ఆయన కుళాయి కింద మాంసం ముక్క పట్టి ఎరుగరు. ఏడు సార్లా, అని ఆమె పెన్ను కింద పెట్టింది. అప్పుడు చెప్పింది. పిల్లి గుండెకీ కళ్ళకీ ఒక పదార్థం కావాలట, మనకైతే ఒళ్ళే తయారుచేసుకుంటుంది, పిల్లి చేసుకోలేదు, రోజూ తిండిలోంచే రావాలి. అది గుండెకాయలో ఉంటుంది, ఎర్రమాంసంలో ఉంటుంది, రొమ్ములో మొదటే తక్కువ, ఆ ఉన్న కాస్తా నీళ్ళలో కరిగిపోతుంది. సన్నగా కొట్టి నీళ్ళలో పెడితే ఇంకా తొందరగా. మీరు పారబోసింది అదేనండీ, ఇంత చదువుకున్నవాళ్ళు అలా ఎలా చేశారండీ, అని మా ఆయన్ని మందలించింది. ఆయన పదో తరగతి తప్పినాయన, తల వంచుకుని, తప్పేనండీ, అన్నారు. కాటా చీటీ మీద ముప్పైయేళ్ళలో ఒక్క కిలో అబద్ధం రాయని మనిషి. ఎవరెవరో బతిమాలారు, బెదిరించారు, రాయలేదు. ఆ మనిషి నా కోసం అంత తేలిగ్గా అబద్ధమాడేశారు. నేను పక్కన బెల్లం కొట్టిన రాయిలా కూచున్నాను. గుండె తిరిగి గట్టిపడే అవకాశం ఉంది, అంది ఆమె, నెలలు పడుతుంది, కళ్ళు మాత్రం పోయినంత మేరకి పోయినట్టే. ఎదురుగా ఉన్నది సరిగ్గా ఆనదు దానికి, పక్కల నుంచి కాస్త నీడలా తెలుస్తుంది అంతే. మూడు రోజులైంది, ఆ మాట మా ఇద్దరి మధ్య అలాగే పడుంది, ఆయన దాని మీదుగా దాటుకుని టీ తెచ్చి ఇస్తున్నారు.

నాలుగున్నర. బొంత ఊపిరి లెక్కపెట్టాను, గడియారం ముల్లు పెట్టుకుని, డాక్టరమ్మ నేర్పినట్టు. ముప్పై రెండు. పొద్దున ముప్పై నాలుగు. మందు పనిచేస్తోంది, కడుపే ఒప్పుకోవడం లేదు. నిన్న నేనొక పని చేశాను. ఫ్రిజ్ లోపల పాతది, నేను కడిగి పెట్టిన తెల్లమాంసం ఒక డబ్బా మిగిలి ఉంటే, డాక్టరమ్మ ఇచ్చిన మేత ముట్టకపోయేసరికి, పోనీ అలవాటైనదైనా తింటుందేమోనని కాస్త తీసి పెట్టాను. గిన్నె దాని మూతి ముందే పెట్టాను. తల కూడా తిప్పలేదు. అక్కడ తిండి ఉందని దానికి తెలియనట్టే ఉండిపోయింది. డబ్బా మొత్తం చెత్తలో పారేసి, చేతులు సబ్బుతో కడుక్కున్నాను, మళ్ళీ కడుక్కున్నాను.

ఈ రోజుది వేరే మాంసం. పొద్దున కొట్టుకి వెళ్ళి గుండెకాయలు కావాలన్నాను. ఎన్నక్కా, అన్నాడు కొట్టతను, అంతే, ఇంకొక్క మాట అనలేదు. అనుంటే బాగుండేది. డాక్టరమ్మ కాగితం రాసిచ్చింది, తొడమాంసం ఇంత, గుండెకాయ ఇంత, కాలేయం ఇంతే, అంతకు పిసరు ఎక్కువ కాకూడదు, ఎముకపొడి ఇంత, గుడ్డు పచ్చసొన, కాస్త ఉప్పు, ఆమె ఇచ్చిన తెల్లపొడి, ఇంకేవో రెండు చుక్కలు. కాలేయం ఎక్కువైతే ఏమవుతుందమ్మా అని అడిగాను. అదీ విషమే, ఎముకలు బిగుసుకుపోతాయి, అంది. ఎముక తక్కువైతే? ఒంట్లో ఎముకలే అరువు తెచ్చుకుని తినేస్తుంది. ఎక్కువైతే? మలం బిగిసి ప్రాణం మీదికొస్తుంది. ఏది పట్టుకున్నా ఇటు గొయ్యి, అటు నుయ్యి. మరి బయట తిరిగే పిల్లులు ఎలా బతుకుతున్నాయి, వాటికి కాగితం ఎవరు రాసిచ్చారు అన్నాను కోపంగా. ఆమె నవ్వి, ఎలుక ఉంది కదండీ, అంది. ఎలుకని తింటే గుండెతో, కాలేయంతో, ఎముకలతో, రక్తంతో, బొచ్చుతో మొత్తం తినేస్తుంది. ఈ కాగితంలో ఉన్నవన్నీ, ఈ పాళ్ళలోనే, ఒక్క ఎలుకలో ఉన్నాయి. మనం ఇంత కష్టపడి చేస్తున్నది ఎలుకకి నకలు.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు మతి మతిలో లేదు. ఎలుక. నేను లాండ్రీలో చీపురుతో తరిమిన ఎలుక, బోను పెట్టించి, మందు పెట్టించి, కనబడితే పైకోర్టుకి పోయినంత రచ్చ చేసిన ఎలుక. దాని పొట్టలో ఇంత లెక్క ఉందా. పొద్దున మా ఆయన సెలవు పెట్టి, చిన్న తూకం తెచ్చి, కాగితం పక్కన పెట్టుకుని కూచున్నారు. నలభై టన్నుల లారీని ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా తూచే మనిషి, పావుచెంచా ఎముకపొడి దగ్గర ఊపిరి బిగబట్టారు. ఫ్యాన్ ఆపెయ్యవే, ముల్లు ఊగుతోంది, అన్నారు. ఆపాను. ఇద్దరికీ చెమటలు కారుతున్నాయి. కాలేయం ముక్క పెట్టి, ఎక్కువైందని గోరంత కోసి, తక్కువైందని మళ్ళీ అతికించి, చివరికి నా మొహం చూసి, ఎవడు తూచాడే ఎలుకని, అన్నారు. నవ్వులాటకి అనలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాటాలో పనిచేసేవాడికి తూకం అంటే ఏమిటో తెలుసు, తప్పడం ఎంత సుళువో తెలుసు, అందుకే ఆయనకి అది అంత దూరం వెళ్ళి తగిలింది. నాకూ తగిలింది. ఒక్కో ఎలుకా, గోడ కన్నంలో ఎవరూ చూడని చోట పుట్టిన ప్రతి ఎలుకా, సరిగ్గా తూచి ఉంది. నా చన్నీళ్ళతో నేను శుభ్రం చేశాననుకున్నది ఆ తూకాన్ని. రక్తాన్ని నేను మురికి అనే అనుకున్నాను. ముప్పైయొక్క ఏళ్ళు, బట్టకి అంటితే మురికే మరి, దాన్ని పోగొట్టడమే నా అన్నం. ఒంట్లో ఉన్నప్పుడు అది ఏమిటో నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఐదుకి ఇంకా పాతిక నిమిషాలుంది. మా ఆయన మా చెల్లెలి ఇంటికి వెళ్ళారు, పిల్లిని తీసుకెళ్ళే బుట్ట తేవడానికి. వెళ్ళేటప్పుడు, కాలుగాలిన పిల్లిలా తిరగకే, కూచో, అది చూస్తే బెదురుతుంది, అన్నారు. ఇంట్లో కాలుగాలిన పిల్లిని నేనే, అసలు పిల్లి రాయిలా ఉంది. గిన్నెలోది చూశాను. ముదురెర్ర ముద్ద, మధ్యలో పచ్చసొన చారలు. వేలు పెట్టి చూస్తే చల్లగా ఉంది, ఫ్రిజ్ చల్లదనం వదల్లేదు. ఎలుక చల్లగా ఉండదు కదా అనిపించింది. ఎలుక పంజా కింద పడేటప్పుడు దాని ఒళ్ళు వేడిగా ఉంటుంది, రక్తం తిరుగుతూ ఉంటుంది, వాసన వస్తూ ఉంటుంది. వేడి చెయ్యకండి, వండకండి, ఒంటి వెచ్చదనం దాకా తెస్తే చాలు, అంది కదా డాక్టరమ్మ, పిల్లి ముక్కుతో తింటుంది, అని. నిన్న నేను ఆ మాట విననే లేదు. నిన్నటి తెల్లమాంసానికి వాసనేది. ఏడాదిన్నరగా వాసనేది. కళ్ళు మసకబడుతూ, మసకబడుతూ వచ్చి, ఈ ఇంట్లో అది దేన్ని పట్టుకుని నడిచింది ఇన్నాళ్ళు. నేల ఫినాయిల్ వాసన, గిన్నె సబ్బు వాసన, తువ్వాలు సబ్బు వాసన, నేనూ సబ్బు వాసన. దానికి మిగిలిన ఒక్క దారినీ నేను రోజుకి రెండు పూటలా తుడిచేశాను. ఆ ఆలోచన వచ్చేసరికి కూచున్నదాన్ని కూచున్నట్టే ఏడ్చాను, చప్పుడు కాకుండా, ఎందుకంటే చప్పుడు చేస్తే అది బెదురుతుంది.

తర్వాత గిన్నె దగ్గరికి లాక్కున్నాను. చేతులు ముక్కు దగ్గర పెట్టుకుంటే సబ్బే. ముద్దలో చెయ్యి పెట్టి పిడికెడు తీశాను, రెండు చేతులతో నలిపాను, అరచేతులకి, వేళ్ళ సందుల్లో, మణికట్టు దాకా, సబ్బు రుద్దుకున్నట్టు రుద్దుకున్నాను. మొదట చల్లగా జారింది, కాసేపటికి అంటుకుంది. ముప్పైయొక్క ఏళ్ళలో నా చేతికి రక్తం అంటి నిమిషం దాటి ఉన్నది లేదు. ఇప్పుడు నిమిషం దాటింది, రెండు దాటింది. ఎలుకంత ముద్ద చేసి కుడిచేతి పిడికిట్లో పెట్టుకుని, వేళ్ళు మూసి, ఒళ్ళో పెట్టుకున్నాను. నా ఒంటి వేడి దానికి ఎక్కుతోంది. పిడికిట్లో నా నాడి కొట్టుకోవడం తెలుస్తోంది, ముద్దే కొట్టుకుంటోందేమో అన్నంత స్పష్టంగా. ఇందులో ఒక కోడి గుండె ఉంది, అది కూడా ఒకప్పుడు తెర మీద చూపిస్తే ఇలాగే కొట్టుకునేది. ఒక గుండె ఇంకో గుండెని నిలబెట్టాలి, ఇదీ ఏర్పాటు. ఎవరు చేశారోగానీ భయమేస్తోంది, దండం పెట్టాలనీ ఉంది. ఎర్రనీళ్ళు వేళ్ళ సందుల్లోంచి మణికట్టు మీదుగా మోచేతి దాకా పాకి చీర మీద పడ్డాయి. పడనిచ్చాను.

నేను గడియారం చూడడం మానేశాను. వంటగది కిటికీలోంచి ఎండ గచ్చు మీద పలకలా పడి ఉంది. పై ఇంట్లో ఎవరో కుర్చీ జరిపారు. బొంత చెవి ఒకటి వెనక్కి తిరిగింది, మళ్ళీ ముందుకొచ్చింది. ముక్కు కదిలింది. చాలా కొద్దిగా, రెండు పక్కలా. మీసాలు ముందుకొచ్చాయి. అది లేవలేదు, మొదట తలే లేచింది, గాల్లో ఏదో దారం దొరికినట్టు ఆ ముక్కు ఇటూ అటూ వెతికింది. నేను ఊపిరి తీయలేదు. పిలవాలని నాలుక చివరి దాకా వచ్చింది, పళ్ళు కరుచుకున్నాను. ముందుకాళ్ళు చాపి, వెనక్కాళ్ళు కూడదీసుకుని లేచింది, ఎముకల సంచీలా ఊగింది, ఆగింది. ఒక అడుగు. గిన్నె అంచుకి మూతి తగిలి ఉలిక్కిపడింది, గిన్నె అక్కడుందని దానికి తెలియదు. అది గిన్నె కోసం రావడం లేదు. గిన్నెను చుట్టుకుని, నా మోకాలుకి భుజం ఆనించుకుంటూ, నా మోచేతి దగ్గర మొదలుపెట్టింది. గరుకు నాలుక. కారిన దారినే పట్టుకుని పైకి వచ్చింది, మోచెయ్యి, మణికట్టు, పిడికిలి. పిడికిలి దగ్గర ఆగి, ముక్కుతో వేళ్ళను తోసింది. తెరిచాను.

ఎంత చప్పుడు చేస్తూ తిందో. ఏడాదిన్నరగా అది తెల్లమాంసం చప్పుడు లేకుండా, మర్యాదగా తినేది, నేను చూసి శుభ్రమైన పిల్లి అని మురిసేదాన్ని. ఇప్పుడు గొంతులో గురగుర, పక్కకి తల తిప్పి పన్నుతో తెంపడం, అరచేతిని నాలుకతో గీకడం. నా చేతిలో ఉన్నది పిల్లి అనిపించలేదు. ఎప్పటిదో, ఇళ్ళూ వాకిళ్ళూ లేనప్పటిది, నాకంటే, మనిషి కంటే ముందుది, దారి తప్పి నా వంటగదిలోకి వచ్చి నా చేతిలో తింటోంది. ఒళ్ళంతా గగుర్పొడిచింది. ముద్ద అయిపోగానే చేతిని మెల్లగా గిన్నెలోకి దించాను, మూతి చెయ్యి వెంటే దిగింది, గిన్నెలోది దొరికింది. ఎడంచెయ్యి దాని పక్కటెముకల కింద పెట్టాను. కొట్టుకుంటోంది. పల్చటి గోడే, సాగిన గోడే, కొట్టుకుంటోంది.

తలుపు తాళం చప్పుడైంది. మా ఆయన బుట్ట పట్టుకుని గుమ్మంలో ఆగిపోయారు. మోచేతుల దాకా నెత్తురుతో, చీర మీద మరకలతో నేను నేల మీద. ముందు నా మొహం చూశారు, తర్వాత గిన్నె చూశారు. బుట్టని చప్పుడు కాకుండా, పసిపిల్లని దింపినట్టు దింపారు. చెప్పులు బయట వదలకపోతే నేను అరిచి గోల చేస్తానని తెలిసిన మనిషి, చెప్పులతోనే లోపలికొచ్చి నా పక్కన కూలబడ్డారు.

"ఎంత తింది?" అన్నారు గుసగుసగా.

"తూచలేదు."

"పోనీలే," అన్నారు. తూకం గురించి ఆయన నోట ఆ మాట నేనెప్పుడూ వినలేదు.

ఐదు కొట్టకముందే ఫోను మోగింది. నా చేతులు చూపించాను. ఆయన తీసి నా చెవి దగ్గర పట్టుకున్నారు. డాక్టరమ్మే. బయల్దేరారా అని అడిగింది. తింటోందమ్మా, అన్నాను. అవతల ఆమె ఊపిరి వదలడం వినిపించింది. తనంతట తనే తింటోందా అంది. తనంతట తనే, అన్నాను.

"చాలా మంచిదండీ. రాత్రికి మళ్ళీ కొంచెం పెట్టండి. సార్‌కి చెప్పండి, ఈసారి మాత్రం కడగొద్దని."

మా ఆయన నా మొహంలోకి చూసి తల అడ్డంగా ఊపారు, వద్దులే అన్నట్టు. ఫోను నా చెవి దగ్గరి నుంచి జరపబోయారు. నేను తలతో ఫోనుని ఆయన చేతికి నొక్కి పట్టుకున్నాను.

"కడిగింది ఆయన కాదమ్మా," అన్నాను. "నేను. ఏడాదిన్నర, రోజూ, ఏడు సార్లు, నా చేతులతో నేనే కడిగాను. ఆయనకి మాంసం కడగడం రాదు."

ఆమె ఏదో అంది, నాకు సరిగా వినబడలేదు, ఎందుకంటే పక్కన మా ఆయన ముక్కు చీదుకుంటున్నారు. బొంత గిన్నె వదిలేసి నా దగ్గరికొచ్చి, నా బొటనవేలి గోరు కింద మిగిలినదాన్ని నాకుతోంది.